కొలబద్దకు అందని పొగ

వస్తువు విలువను బట్టి పన్ను వేయుట లోకమర్యాద. తూకమును బట్టి వేయుటయు కద్దు. కాని పొడవును మిల్లీమీటర్లలో కొలిచి, పెదవి తగులు కొనయందు ఫిల్టరు ఉన్నదా లేదా యని విచారించి, అటుపిమ్మట ఎంత సుంకము రావలయునో తేల్చు మర్యాద మన దేశమున సిగరెట్టుకే దక్కినది. 65 మిల్లీమీటర్ల లోపలి దానికి ఒక రేటు, 70 వరకు వేరొకటి, 75 వరకు మరియొకటి. 2025 డిసెంబరులో పార్లమెంటు సవరించిన ఎక్సైజు చట్టమును అనుసరించి, 2026 ఫిబ్రవరి 1వ తేదీ నుండి వెయ్యి సిగరెట్లపై 2,050 రూపాయలు మొదలుకొని 8,500 రూపాయల వరకు సుంకము విధింపబడినది. అదిగాక 40 శాతము జీఎస్టీ. ఒక్కొక్క సిగరెట్టు లెక్కన రెండు రూపాయల చిల్లర నుండి ఎనిమిదిన్నర రూపాయల వరకు ఎక్సైజే అగుచున్నది. ఈ రేట్లు ప్రకటింపబడిన మరునాడు ఐటీసీ షేరు దాదాపు పదవవంతు విలువ కోల్పోయినది. కిళ్లీకొట్టు ముందర నిలుచున్న మనిషికి ఈ సంగతి ఆ తరువాత తెలిసినది.

అదే ప్రభుత్వము, అదే జీఎస్టీ మండలి, 2025 సెప్టెంబరు 3వ తేదీ సమావేశమున బీడీలపై పన్నును 28 శాతము నుండి 18 శాతమునకు దించుటకును, బీడీలు చుట్టు తునికాకుపై 18 శాతము నుండి 5 శాతమునకు దించుటకును నిర్ణయించెను. సిగరెట్టు హానికరము కనుక దానిపై పన్ను పెంచవలయుననియు, బీడీ పేదవాని వస్తువు కనుక దానిపై తగ్గించవలయుననియు ఏలినవారి తర్కము. పేదవాని ఊపిరితిత్తులకు పొగ మన్నింపు ఇచ్చునా యని అడిగిన వారు ఆ సభలో ఉండిరో లేదో గాని, లెక్కలు మాత్రము స్పష్టముగానే ఉన్నవి. 2016-17 సంవత్సరమున కేంద్రము జరిపించిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారము మన దేశమున సిగరెట్టు త్రాగువారు నూటికి నలుగురు మాత్రమే; బీడీ త్రాగువారు దాదాపు ఎనమండుగురు; నమలు పొగాకునకు, గుట్కాకు, ఖైనీకి అలవాటుపడినవారు ఇరువదియొక్కరికి పైగా. కొలబద్ద పట్టుకొని నిలుచున్నది నలుగురి వాకిట. పొగ చాలావరకు వెలువడునది పక్కవీధిలో.

పొగాకుపై పన్నును పెంచవలయునా యన్నది నా దృష్టిలో చర్చనీయాంశమే కాదు, పెంచవలయును. ఎవరిపై, ఎంత, వచ్చిన ధనమును ఏ దారిన మరలింపవలయును అన్నదే అసలు సమస్య. ఆ సమస్య తెలుగువారికి పరాయిది కాదు. ఏలయనగా పొగాకు పండించునది మనమే, వేలము వేయునది మనమే, బీడీలు చుట్టునది మన ఆడువారే, ఆసుపత్రి వరండాలో కూర్చుండునదియు మనవారే.

పొగాకుపై ఏలికల కోపమును, ఏలికల ఆశయు పుట్టినది ఒక్క కాలముననే. 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు పొగాకును దూషించుచు స్వయముగా ఒక గ్రంథము వ్రాసి, అంతటితో తృప్తిచెందక, పౌనుకు రెండు పెన్నీలుగా ఉన్న సుంకమును ఆరు షిల్లింగుల పది పెన్నీలకు, అనగా నలువదియొక్క రెట్లకు పెంచెను. దొంగరవాణా పెచ్చుమీరినది, ఖజానాకు రావలసినది రాలేదు, రాజుగారు కొన్నేండ్లకే రేటు దించుకొనవలసి వచ్చెను. ఇక్కడ జహంగీరు 1617లో పొగ త్రాగరాదని శాసించెను. ఆ శాసనము ఎంత ఫలించినదో చెప్పుటకు దేశమంతటను వ్యాపించిన హుక్కాలే చాలును. మన గురజాడవారు గిరీశము నోట చుట్టను అంత కమ్మగా పొగిడించినది ఎందుకో కన్యాశుల్కము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు; ఆ పొగడ్తలోని వెటకారమును మరచి, చుట్ట కాల్చువారు దానినే ప్రమాణముగా స్వీకరించినారన్నది వేరు కథ.

గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు వేళ్లూనినది 1920 ప్రాంతమున. అదే కాలమున, పొగాకు కంపెనీకి స్థావరమైన చీరాలలో, పురపాలక సంఘము వేసిన పన్నులు మోయలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట విని, జనము ఇండ్లు విడిచి రామనగరమను పాకలలో పదునొకండు మాసములు కాపురముండిన సంగతి చరిత్ర ప్రసిద్ధము. ఆ పన్ను పొగాకుది కాదు. ఐనను పన్ను అన్న మాటకు ఈ ప్రాంతమున ఎంత జ్ఞాపకశక్తి ఉన్నదో దానివలన తెలియును. పొగాకు మీదనే సుంకము వచ్చినది 1943లో, యుద్ధవ్యయములకు ధనము కావలసి. ఆ సుంకము నేటివలె పెట్టెలోని సిగరెట్టుపై కాదు, ఆకుపైననే. ఆకును ఆరబెట్టి సిద్ధపరచువాడు లైసెన్సు పుచ్చుకొనవలయును. అధికారి వచ్చి తూకము వ్రాసికొనును. సుంకము చెల్లువరకు సరకు గోదాములో ముద్రపడి ఉండును. రైతు గడపలో పుస్తకము పట్టుకొని కూర్చుండిన ఆ విధానము 1979లో గాని తొలగలేదు. ఈనాడు పన్ను కర్మాగారము వాకిటనే ఆగుచున్నది కనుక రైతునకు ఇది సంబంధించని వ్యవహారమని కొందరు, రైతు నెత్తిననే పడునని కొందరు వాదించుచున్నారు. రెండును సగము నిజములే.

రైతు సంగతి కొంత నిదానముగా చూడవలసియున్నది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి ప్రాంతములందును, గోదావరికి ఈవల జంగారెడ్డిగూడెము, కొయ్యలగూడెము, గోపాలపురము మెట్టలందును పొగాకు అనగా బ్యారనే. ఆకు రెలుపు మొదలైనది మొదలు ఇంటిల్లిపాదికిని తీరిక ఉండదు. తెల్లవారకముందే, మంచు ఆరకముందే, చేనిలో అడుగు ఆకులు రెలిచి, కర్రలకు కట్టి, బ్యారనులో అంతస్తులుగా వ్రేలాడదీసి, క్రింద పొయ్యిలో కట్టె వేసి, మొదట ఆకు పసుపు పచ్చనగువరకు సన్నని వేడియు, పిమ్మట ఈనె ఎండువరకు తీవ్రమైన వేడియు ఇచ్చుచు, నాలుగైదు రాత్రులు ఎవరో ఒకరు మేలుకొని వేడి చూచుచుండవలయును. ఒక్క రాత్రి నిద్ర పట్టి పొయ్యి తప్పినదా, ఆకు నల్లబడి, బ్రైటు గ్రేడు కావలసినది లోగ్రేడుకు దిగిపోవును. పచ్చి ఆకు తడి చేతులకంటి, ఆ నికోటిను చర్మమున దిగి, తల తిరిగి వాంతులైన కూలి స్త్రీలు ఈ ఊళ్లలో ఎందరో; అది ఒక జబ్బని వారికి చెప్పినవారు తక్కువ. ఇంత చేసి, ఆకును మండె వేసి, గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలము కేంద్రమునకు తోలిన నాడు కొనుగోలుదారు ఒక్కొక్క బేలు ముందర నిలుచునది కొన్ని క్షణములు. ఆ క్షణములలో రైతు ఏడాది తేలిపోవును. ఎవరును పాడని బేలును మరల బండికెత్తుకొని ఇంటికి తెచ్చుకొనుట ఆ ప్రాంతమున అందరెరిగిన అవమానము.

పన్ను పెంచినప్పుడెల్ల సిగరెట్టు పరిశ్రమ ఈ రైతునే ముందునకు త్రోసి మాటాడును. ఐతే ఆ వాదమునకు బలమెంత? మన వర్జీనియా పొగాకులో సగమునకు మించి సముద్రము దాటుచున్నది. 2023-24లో దేశపు పొగాకు ఎగుమతులు 12,000 కోట్ల రూపాయలు దాటినవి. 2017లో జీఎస్టీ వచ్చిన పిమ్మట దాదాపు ఎనిమిదేండ్లు సిగరెట్లపై పన్ను కదలినది అత్యల్పము. 2020లోను 2023లోను ఒక చిన్న సుంకము పెరిగినది, అంతియే. ఆ నిశ్చలకాలముననే ఆంధ్రప్రదేశ్ రైతుకు కిలోకు దక్కిన సగటు ధర 225 రూపాయల నుండి 2023-24 పంటకు 288 రూపాయలకు ఎగసినది. కారణమేమనగా బ్రెజిలులోను, జింబాబ్వేలోను వాతావరణము అనుకూలింపక పంట తగ్గినది. ఆ ధర చూచి మురిసి మనవారు చేలు పెంచిరి. మరు సంవత్సరము అక్కడ పంట కోలుకొన్నది. ఇక్కడ ధర జారినది. 2025లో బాపట్ల, ప్రకాశం, పల్నాడు జిల్లాలలో నల్లబర్లీ పొగాకు వేసినవారి గతి మరింత దయనీయము. కొనువారు లేక ఆకు బేళ్లు ఇంటనే మ్రగ్గినవి. తుదకు రాష్ట్రప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసివచ్చెను. అప్పటికి ఢిల్లీ ఇంకను పన్ను పెంచియుండలేదు. కావున రైతును ముంచునది పన్ను కాదు. ఎన్నడో ఏ ఖండముననో కురియు వానకును, నాలుగైదు కంపెనీల పాటకును అతని బ్రతుకును తాకట్టుపెట్టిన ఏర్పాటు. గుంటూరున పొగాకు బోర్డు వెలసి అర్ధశతాబ్దమైనది. ఆ ఏర్పాటును క్రమపరచుటకు అది చాలినది గాని, దానినుండి రైతును బయటపడవేయుటకు చాలలేదు.

ఇక బీడీ. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ పల్లెకు పోయినను, మధ్యాహ్నవేళ అరుగుమీద ఒడిలో చాట పెట్టుకొని కూర్చున్న స్త్రీని చూడక తిరిగి రాలేము. రాత్రి నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరచి, రెండు చేతుల బొటనవ్రేళ్లతో చుట్టి, మూతి మడిచి, దారము వేయుట ఆమెకు కన్ను మూసికొనియు చేయవచ్చు పని. వెయ్యి చుట్టిన గాని కూలి లేదు. సాయంకాలము కార్ఖానాకు పట్టుకొనిపోయిన, అక్కడ పరీక్షించువాడు బాగులేవని తీసివేసినవి ఆమె ఖాతాలో నష్టము. ఆ తంబాకు ధూళి ఇంటిలో అన్నము వండుచోటను, పసిబిడ్డ పండుచోటను నిలిచియుండును. పీఎఫ్ సంఖ్య గల వారు ధన్యులు. తెలంగాణ ప్రభుత్వము నెలనెలా ఇచ్చుచున్న జీవనభృతి, వెయ్యితో మొదలై పిమ్మట 2,016 రూపాయలైనది, ఆ సంఖ్యను చూచియే ఇచ్చుట మొదలైనది. కన్నులు మసకబారి, వెన్ను వంగి, వ్రేళ్లు కొంకరపోయినవారికి ఇంకొక పని ఎవరును చూపలేదు.

బీడీపై పన్ను పెంచిన ఈ తల్లి కూడు పోవునను మాట పన్ను తగ్గించినవారి మాట. నిజమే కావచ్చును. కాని పన్ను 18 శాతమునకు దించినంత మాత్రమున ఆమె కూలి వెయ్యికి ఒక్క రూపాయియైన పెరుగునని ఏ చట్టమును చెప్పదు; ఆ తేడా యజమాని లాభములో కలియును, లేదా బీడీ చవుకయై త్రాగువాడు ఇంకొక కట్ట కొనును. ఇంతకంటె విచారకరమైన సంగతి ఒకటి కలదు. 1976లో ఒక ప్రత్యేక చట్టము చేసి బీడీలపై సంక్షేమ సెస్సు విధించి, ఆ ధనముతో బీడీ కార్మికులకు ఆసుపత్రులు, పిల్లలకు విద్యార్థి వేతనములు, ఇండ్లకు సాయము ఏర్పరచిరి. పొగాకు పన్నును పొగాకు చుట్టిన చేతులకే ముట్టజెప్పిన ఏర్పాటు మన దేశమున అదొక్కటి. జీఎస్టీ వచ్చిన 2017లో, పలు పన్నుల చిక్కు తొలగింపవలయునన్న గొప్ప ఆశయముతో, ఆ సెస్సునుగూడ తొలగించిరి. ఆసుపత్రులు బడ్జెటు దయాదాక్షిణ్యములకు వదలివేయబడినవి.

ధర పెరిగిన త్రాగుట తగ్గునా యని సందేహించువారికి ప్రపంచపు అనుభవమే సమాధానము. మనవంటి దేశములలో ధర నూటికి పది పెరిగిన వాడుక సుమారు ఐదు తగ్గునని ఆర్థికవేత్తల లెక్క. జేబులో డబ్బు తక్కువగా నుండు కుర్రవారియందును, పేదలయందును ఆ తగ్గుదల ఇంకను హెచ్చు. ఇందువలననే బీడీపై పన్ను పేదవానికి శిక్ష యను వాదము నాకు మ్రింగుడుపడదు. మానుకొనుటకు మొదట లొంగువాడు అతడే, మానుకొనిన మొదట బాగుపడువాడును అతడే. పొగాకు వలన మన దేశమున ఏటా పదమూడు లక్షలకు పైగా మరణించుచున్నారు. 2017-18లో ఆ జబ్బుల వలన కలిగిన నష్టము 1,77,341 కోట్ల రూపాయలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో జరిగిన అధ్యయనము తేల్చినది. జాతీయాదాయములో అది నూటికి ఒకటికంటె కొంచెము ఎక్కువ. ఆ సంస్థ పొగాకు చిల్లర ధరలో 75 శాతము పన్నుగా నుండవలయునని చెప్పుచున్నది. నిన్న మొన్నటివరకు మన సిగరెట్టుపై అది సుమారు 53, బీడీపై 22 మాత్రమే.

పన్ను పెంచిన కొలదియు దానిని వమ్ముచేయు ఉపాయములును పెరుగును. మన ఊళ్లలో సిగరెట్టు పెట్టె కొనువారు అరుదు. పాన్ డబ్బాలో లూజుగా ఒకటో రెండో అడుగుదురు. పెట్టెపై 85 శాతము మేర ముద్రించిన భయంకర చిత్రము ఆ కొనువాని కంటబడదు. పెట్టె ధర ఎంత పెరిగినను అతనికి తెలియునది రూపాయో రెండో పెరిగిన సంగతి. లూజు అమ్మకమును నిషేధింపక పన్ను పెంచుట తలుపు మూసి కిటికీ తెరచుటయే. దొంగసరకు మాట కూడ విస్మరింపరాదు. పరిశ్రమ చెప్పు అంకెలు భయపెట్టునంత పెద్దవి. స్వతంత్ర పరిశోధకులు చెప్పునవి వానిలో చిన్న భాగము. పన్ను పెంచవద్దనుటకు అది కారణము కాజాలదు. రేవులలో, గోదాములలో తనిఖీ పెంచుటకు కారణము.

వేపింగు విషయమున మన దారి వేరు. ఈ-సిగరెట్టును 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతోను, డిసెంబరులో చట్టముతోను పూర్తిగా నిషేధించితిమి. అమ్మినవానికి మొదటి తప్పునకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. నిషేధించిన వస్తువుపై పన్ను ఉండదు కనుక ఖజానాకు రాబడియు లేదు. ఐనను హైదరాబాదు, విజయవాడ కళాశాలల పరిసరములందు, పెన్ను వలె, పెన్‌డ్రైవు వలె కనబడు ఆ పరికరము పోలీసులకు పట్టుబడిన వార్తలు వచ్చుచునే యున్నవి. బ్రిటను నిషేధింపక పన్ను దారి పట్టినది: పారవేయు రకమును మాత్రము 2025 జూనులో నిషేధించి, మిగిలిన ద్రవముపై 2026 అక్టోబరు 1 నుండి పది మిల్లీలీటర్లకు 2.20 పౌనుల సుంకము విధించుచున్నది. దానితోపాటు నూరు సిగరెట్లపై అదే 2.20 పౌనులు అదనముగా పెంచుటకు నిర్ణయించినది. సిగరెట్టు మాని వేపునకు మారినవాడు మరల సిగరెట్టే చవుకయని వెనుకకు పోరాదని. అక్కడ చదువుకొనుచున్న మన పిల్లలు ఈ లెక్కను త్వరలోనే తమ జేబులలో చూచుకొందురు. మనము నిషేధమును సడలించి పన్ను వేయవలయునను వాదమును నేను అంగీకరింపను. ఉన్న అలవాటును మాన్పించుటకు పన్ను వేయవచ్చును. లేని అలవాటును పన్నుకొరకు ఆహ్వానింపరాదు.

పన్నునకు అందని పొగయు కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలో వృద్ధస్త్రీలు చుట్టను వెలిగించిన కొననే నోటిలో పెట్టుకొని కాల్చు అడ్డపొగ అలవాటు ఇంకను పూర్తిగా అంతరింపలేదు. నిప్పు అంగిలికి తగులుచుండుట వలన అక్కడనే పుట్టు క్యాన్సరును గూర్చి మన వైద్యులును, విదేశీ పరిశోధకులును ఐదారు దశాబ్దముల క్రిందటనే లోకమునకు చెప్పినారు. ఇంటిలో ఆకు తీసి ఇంటిలోనే చుట్టుకొను ఆ చుట్టపై ఏ ఎక్సైజు శాఖ ఏ కొలబద్దను పెట్టగలదు? అక్కడికి పోవలసినది ఆశా కార్యకర్తయు, దంతవైద్యుడును. వారి జీతమునకు ధనము మాత్రము ఈ పన్నునుండియే రావలయును.

ఇక్కడ ఫిలిప్పీన్స్ చేసిన పని చెప్పుకొనదగినది. 2012లో ఆ దేశము మద్యము, పొగాకులపై పన్నును భారీగా పెంచుచు, పెరిగిన రాబడిలో నూటికి పదునైదు వంతులు పొగాకు పండించు ప్రాంతములకు, ఆ రైతులు వేరు పంటలకు మరలుటకు అని చట్టముననే వ్రాసికొన్నది. మిగిలిన దానిలో అత్యధిక భాగము పేదల ఆరోగ్యమునకు పోయినది. పొగాకు మానిన నష్టపోవువానికే పొగాకు ధనము ఈయవలయునని ఆ చట్టకర్తలు గ్రహించిరి. మన కొత్త ఎక్సైజు రాష్ట్రములతో పంచుకొను మొత్తములోనే చేరును, అంతవరకు సంతోషమే. కాని ఆ వాటా అమరావతికిని, హైదరాబాదునకును చేరిన పిమ్మట అందులో పొగాకు రైతునకు, బీడీ కార్మికురాలికి ఇంత అని చెప్పు వాక్యము ఏ చట్టములోను లేదు. జంగారెడ్డిగూడెము మెట్టలో ఆయిల్ పామ్ వేసి పొగాకు వదలినవారు ఉన్నారు. ఒంగోలు వైపు శనగ వేయువారును ఉన్నారు. ఆయిల్ పామ్ గెల వేయుటకు నాలుగేండ్లు పట్టును. బ్యారను అప్పు ఆ నాలుగేండ్లు ఆగదు. ఆ నడిమి కాలమును దాటించు ధనము ఎవరో ఒకరు ఈయవలయును గదా!

కనుక నా తీర్పు ఇది: సిగరెట్టుపై పెంచినది న్యాయము, బీడీపై తగ్గించినది అన్యాయము, ఆ పది శాతమును మరల పెంచి, అందులో వచ్చు ప్రతి రూపాయిని 1976 నాటి సెస్సు వలె చుట్టిన చేతులకే మరలింపవలయును. సిగరెట్టు ఎక్సైజులో పదునైదు వంతులు పొగాకు వదలగోరు రైతుల పేర కేటాయింపవలయును. ఒంగోలు, బాపట్ల, ఏలూరు, నిజామాబాద్, కరీంనగర్ నియోజకవర్గములనుండి లోక్‌సభకు పోయిన సభ్యులు ఏ పక్షమువారైనను, ఈ రెండు కోర్కెలకును వ్యతిరేకముగా మాటాడుటకు వారికి కారణము ఉండరాదు. ఈ ఊళ్లలో ఓటున్న పాఠకులు, తమ సభ్యుడు మరల ఇంటికి వచ్చినపుడు, 2017లో పోయిన బీడీ సంక్షేమ సెస్సునకు మారుగా ఏమి తెచ్చినారని అడుగుడు.